వేప్ ట్యాంక్ లీకేజీ: ఏసీ గదిలోంచి ఎండలోకి రాగానే జేబు జిగురవుతోందా..? కారణం లిక్విడ్ కాదు, గాలి! ఇండియాకు తెచ్చేవాళ్లు మాత్రం ఇది చదివి తీరాలి

కొండాపురం: ఉమ్మడి కడప జిల్లాలో ఏ ఊరికెళ్లినా గల్ఫ్‌లోనో, అమెరికాలోనో మనిషి లేని వీధి కనిపించదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, కొండాపురం.. ఎక్కడైనా ఇదే కథ. పండక్కో, పెళ్లికో సెలవు పెట్టుకుని ఇంటికొచ్చే ఈ పిల్లల బ్యాగుల్లో ఈమధ్య కొత్త వస్తువు ఒకటి కనిపిస్తోంది. చూడ్డానికి పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. అదే వేప్, అంటే ఈ-సిగరెట్. దాంతోపాటే వచ్చే తలనొప్పి.. లీకేజీ. ఏసీ గదిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. బయటికొచ్చి పది నిమిషాలు ఎండలో తిరిగితే చాలు, ప్యాంటు జేబు తడిసి జిగురుజిగురుగా తయారవుతుంది. మంచు దేశాల్లో ఉన్నవాళ్లకు ఇదే బాధ ఇంకో రకంగా.. బయట చలిలో సరిగా పొగ రాదు, ఇంట్లోకి రాగానే కారడం మొదలు.

ముందే ఒక మాట. ఇండియాలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ 2019 నుంచి నిషేధం. ఇది కొనమని చెప్పే కథనం కాదు. వాడకం చట్టబద్ధమైన దేశాల్లో ఉంటూ ఇప్పటికే వాడుతున్న పెద్దవాళ్ల కోసం, అంతకన్నా ముఖ్యంగా ఆ కారిన చుక్క ఇంట్లో పసిపిల్లల చేతికి అంటితే ఏమవుతుందో తెలియని మన ఇళ్ల కోసం రాస్తున్నది.

అసలు ట్యాంక్‌లో ఏముంటుంది..?

వేప్ ట్యాంక్ అంటే చిన్న గాజు గొట్టమో, ప్లాస్టిక్ గొట్టమో. అందులో 2 నుంచి 5 మిల్లీలీటర్ల దాకా లిక్విడ్ పడుతుంది. బ్రిటన్‌లో అయితే 2 మిల్లీలీటర్లకు మించిన ట్యాంకులు అమ్మకూడదని రూల్ ఉంది. లిక్విడ్‌లో ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, ఫ్లేవర్, నికోటిన్. ట్యాంక్ మధ్యలో సన్నని గొట్టం, దాని అడుగున కాయిల్. కాయిల్ చుట్టూ దూది చుట్టి ఉంటుంది. లిక్విడ్ దూదిలోకి ఇంకుతుంది, కాయిల్ వేడెక్కితే ఆవిరవుతుంది, మనిషి ఆ ఆవిరిని పీలుస్తాడు. మన దీపం కుందిలో వత్తి నూనె తాగినట్టే.

మరి ఆ దూదికి పక్కనే గాలి వెళ్లే రంధ్రాలున్నాయి కదా, లిక్విడ్ అందులోంచి కారిపోకుండా ఎందుకు ఆగుతోంది..? రెండు కారణాలు. ఒకటి, దూది లిక్విడ్‌ను పట్టి ఉంచడం. రెండోది, ట్యాంక్ పైభాగంలో మూత బిగించి ఉండటం. నీళ్ల గ్లాసులో స్ట్రా ముంచి, పైన వేలితో మూసి ఎత్తితే నీళ్లు కింద పడవు, గుర్తుందా..? వేలు తీస్తేనే జారతాయి. ట్యాంక్‌లోనూ అంతే. పైన చిక్కుకున్న గాలి లిక్విడ్‌ను కొంచెం పైకి లాగి పట్టుకుంటుంది. ఆ పట్టు ఉన్నంతసేపు లీకేజీ ఉండదు. వేడి తగిలితే సడలిపోయేది సరిగ్గా ఆ పట్టే.

సిరా పెన్ను కథే ఇక్కడా

ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, సిరా పెన్నులతో చదువుకున్నవాళ్లకు ఈ సమస్య బాగా పరిచయం. రాజమహేంద్రవరం రత్నం పెన్నుల్లా, బ్యారెల్‌లో నేరుగా సిరా పోసుకునే పెన్నులు గుర్తుచేసుకోండి. నిండుగా పోసినప్పుడు చక్కగా రాస్తాయి. సిరా సగానికి తగ్గాక చూడండి.. ఉన్నట్టుండి కాగితం మీద పెద్ద చుక్క. ఎందుకంటే సిరా తగ్గినచోట గాలి చేరింది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బింది. కింద ఉన్న సిరాను తోసింది. అప్పట్లో పెద్దవాళ్లు 'సగం కాకముందే మళ్లీ పోసుకో' అనేది అందుకే. ఈ రకం పెన్ను ఏ కంపెనీదైనా ఇదే లెక్క.

వేప్ ట్యాంక్ విషయంలో చాలామంది లిక్విడ్ వేడెక్కి పొంగుతోంది అనుకుంటారు. లెక్క వేస్తే అది చాలా తక్కువ. 30 డిగ్రీల తేడాకు గ్లిజరిన్ పెరిగేది ఒకటిన్నర శాతం అంతే. 2 మిల్లీలీటర్ల లిక్విడ్‌లో అది ఒక చుక్క కూడా కాదు. గాలి అలా కాదు. ఏసీ గదిలో 18 డిగ్రీల దగ్గరున్న గాలి 50 డిగ్రీలకు చేరితే దాదాపు 11 శాతం ఉబ్బుతుంది. 4 మిల్లీలీటర్ల ట్యాంక్ సగం ఖాళీగా ఉందనుకోండి, లోపల 2 మిల్లీలీటర్ల గాలి. అది 0.22 మిల్లీలీటర్ల మేర పెరుగుతుంది. సుమారు నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలకు బయటికి దారి ఒక్కటే.. కాయిల్, దాని కింద గాలి రంధ్రాలు, ఆ తర్వాత మీ జేబు.

18 నుంచి 50 అని లెక్క కోసం ఊరికే అనలేదు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న లెక్క అది. కడప జిల్లా నుంచి వెళ్లిన డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు రోజుకు పదిసార్లు ఏసీలోంచి అలాంటి ఎండలోకి, ఎండలోంచి ఏసీలోకి తిరుగుతుంటారు. మన కొండాపురంలో మే నెల 43, 44 డిగ్రీల ఎండకే రోడ్డు మీద సైకిల్ ట్యూబులు పగులుతాయి. నిండుగా గాలి కొట్టిన ట్యూబు ఎండలో ఎందుకు పగులుతుందో, ట్యాంక్ ఎందుకు కారుతుందో.. రెండింటికీ కారణం ఒకటే.

షికాగోలో చలి.. అయినా లీకేజీ ఎందుకు..?

ఎండ దేశంలోనే లీకేజీ అనుకుంటే పొరపాటు. లెక్కలో మంచు దేశమే కాస్త ఎక్కువ. షికాగోలో జనవరిలో బయట మైనస్ 10, ఇంట్లో హీటర్ వేస్తే 22. అంటే 32 డిగ్రీల తేడా. అదే 32 డిగ్రీలు కువైట్‌లోనూ ఉన్నా, చల్లటి గాలి మొదలుపెట్టేది కింది నుంచి కాబట్టి శాతంలో ఇంకాస్త ఎక్కువ ఉబ్బుతుంది.. 12 శాతం పైనే.

ఇంకో మెలిక కూడా ఉంది. బయట చలిలో ట్యాంక్‌లోని గాలి ముడుచుకుపోతుంది. ముడుచుకున్నప్పుడు ఖాళీ అయిన చోటును నింపడానికి దూది గుండా బయటి గాలి బుడగలు బుడగలుగా లోపలికి దూరుతుంది. అంటే లోపల గాలి ముందుకన్నా ఎక్కువైంది. ఇంట్లోకి రాగానే ఆ ఎక్కువ గాలి మొత్తం ఉబ్బుతుంది. బస్‌స్టాప్‌కు వెళ్లి రావడం, క్లాస్‌కు వెళ్లి రావడం.. ఇలా రోజంతా చలికీ వేడికీ తిరుగుతుంటే ట్యాంక్ ఒక చిన్న పంపులా పనిచేస్తుంది. చలిలో గాలిని పీల్చడం, వేడిలో లిక్విడ్‌ను తోయడం.

అయితే చలి నుంచి రాగానే కారదు. అరగంట తర్వాత కారుతుంది. ఇది చాలామందిని తికమక పెట్టే విషయం. శీతాకాలంలో మన కొబ్బరినూనె సీసాను చూస్తే అర్థమవుతుంది. పేరుకున్నంతసేపు సీసా బోర్లించినా చుక్క పడదు, ఎండలో పెడితే నీళ్లలా జారుతుంది. గ్లిజరిన్ గడ్డకట్టకపోయినా చలికి విపరీతంగా చిక్కబడుతుంది. స్వచ్ఛమైన గ్లిజరిన్ 20 డిగ్రీల దగ్గర నీటికంటే సుమారు 1400 రెట్లు చిక్కగా ఉంటుంది. 0 డిగ్రీల దగ్గర ఆ చిక్కదనం ఇంకా ఎనిమిది రెట్లకు పైగా పెరుగుతుంది. అదే 40 డిగ్రీలకు వెళ్తే ఐదో వంతుకు పడిపోతుంది. వేప్ లిక్విడ్‌లో గ్లైకాల్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఇంత తేడా ఉండదు గానీ, తీరు మాత్రం ఇదే.

అందుకే చలిలో లిక్విడ్ దూదిలోకి ఇంకదు, కాయిల్ ఎండి మాడు వాసన వస్తుంది. 'పొగ రావడం లేదు' అని గట్టిగా పీల్చేస్తారు. ఆ గట్టిగా పీల్చడమే ఇంట్లోకొచ్చాక లీకేజీకి కారణాల్లో ఒకటి. మధ్య గొట్టంలోకి లాగేసిన లిక్విడ్ అక్కడే నిలబడి, పలచబడగానే కిందికి జారుతుంది. గుడగుడ శబ్దం వస్తోందంటే అదే.

అది లిక్విడ్డా, నీళ్లా..?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తడి కనిపించిన ప్రతిసారీ లీకేజీ కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా బయట పెడితే చెమట పట్టినట్టు తడుస్తుంది కదా, చల్లటి వేప్ ఉక్కపోతలోకి వస్తే అదే జరుగుతుంది. దుబాయ్‌లో ఆగస్టులో ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారడం అక్కడున్నవాళ్లందరికీ తెలిసిందే. టిష్యూతో తుడిచి చూడండి. నీళ్లయితే కాసేపటికి ఆరిపోతుంది, వేళ్లకు అంటదు. లిక్విడ్ అయితే జిడ్డుగా, జిగురుగా ఉంటుంది, తియ్యటి వాసన వస్తుంది, ఆరదు. నాలుకతో మాత్రం చూడొద్దు. అది నికోటిన్.

నీళ్లే అయినా ఊరుకోకూడదు. ఆ తడి ఛార్జింగ్ పెట్టే చోట, బ్యాటరీ తగిలే చోట చేరితే పాడవుతుంది. తుడిచి, గది వేడికి వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే ఛార్జింగ్ పెట్టాలి.

మరి లీకేజీ ఆపేదెలా..?

అన్నిటికన్నా పనిచేసేది పెన్ను సూత్రమే. వేడిలోకి వెళ్లేముందు ట్యాంక్ నిండుగా ఉండాలి, లేదంటే పూర్తిగా ఖాళీగా ఉండాలి. సగం ఉన్న ట్యాంకే ప్రమాదం. నిండుగా అంటే మెడ దాకా కాదు, పైన చిన్న బుడగ అంత చోటు వదలాలి. అసలు చోటే లేకపోతే మూత బిగించేటప్పుడే లిక్విడ్ కిందికి తోసుకుంటుంది.

తర్వాతిది, పెట్టే తీరు. 'నిలబెట్టి ఉంచండి' అని అందరూ చెబుతారు. మామూలు రోజుల్లో అది సరైన మాటే. కానీ చలి నుంచి వేడిలోకి మారే ఆ అరగంట మాత్రం తలకిందులుగా పెట్టడం మేలు. కాయిల్ అడుగున ఉండే ట్యాంకుల్లో గాలి పైన, లిక్విడ్ కింద ఉంటుంది. ఉబ్బిన గాలి లిక్విడ్‌ను కాయిల్ వైపు తోస్తుంది. తిప్పి పెడితే గాలి కాయిల్ దగ్గరికి వస్తుంది, ఉబ్బినది గాలిగానే బయటికి పోతుంది. లిక్విడ్ మాత్రం లోపలే ఉంటుంది. మూత దగ్గరి వాషర్ గట్టిగా ఉంటేనే ఈ ఉపాయం పనిచేస్తుంది. వాషర్ చిట్లి ఉంటే అటు నుంచి కారుతుంది. జేబులో అడ్డంగా పడేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.. అదే అందరూ చేసేది.

గాలి రంధ్రాల రింగు ఉంటే వాడనప్పుడు మూసేయండి. అది లీకేజీని ఆపదు గానీ, జేబులోకి రాకుండా అక్కడే నిలుపుతుంది. మళ్లీ వాడే ముందు టిష్యూ చుట్టి, నోట్లో పెట్టుకునే మూతి కిందికి వచ్చేలా పట్టుకుని రెండుమూడు సార్లు విదిలిస్తే మధ్య గొట్టంలో నిలిచినది వచ్చేస్తుంది.

చలి దేశాల్లో కోటు పైజేబులో కాకుండా, ఒంటికి ఆనుకునే లోపలి జేబులో పెట్టుకోవాలి. ఒంటి వేడికి ట్యాంక్ ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది, మార్పే లేకపోతే లీకేజీ కూడా ఉండదు. ఎండ దేశాల్లో దీనికి తిరకాసు.. ప్యాంటు జేబు కన్నా బ్యాగులో, బట్టల మధ్యన పెడితే వేడి నెమ్మదిగా ఎక్కుతుంది. రాగానే హీటర్ మీద, స్టవ్ పక్కన పెట్టి వేడి చేయడం లాంటి పనులు అస్సలు చేయొద్దు. లోపల ఉన్నది లిథియం బ్యాటరీ.

కాలాన్ని బట్టి లిక్విడ్ మార్చడం కూడా ఉంది. వేసవిలో గ్లిజరిన్ పాలు ఎక్కువున్నది, చలికాలంలో గ్లైకాల్ పాలు ఎక్కువున్నది. అయితే పెద్ద రంధ్రాలున్న కాయిల్‌లో పలచటి లిక్విడ్ పోస్తే ఏ కాలమైనా కారుతుంది. కాయిల్ మీద రాసి ఉన్న వాట్ల కంటే తక్కువలో వాడినా అంతే, దూది తాగినది ఆవిరి కాక మిగిలిపోతుంది. మాడిపోయిన పాత కాయిల్ సంగతి చెప్పనక్కర్లేదు, ఆ దూదికి పట్టే గుణమే పోయి ఉంటుంది. ఇక నిమ్మ, దాల్చినచెక్క లాంటి ఫ్లేవర్లు కొన్ని రకాల ప్లాస్టిక్ ట్యాంకులను నెమ్మదిగా చిట్లిస్తాయి. కంటికి కనపడని వెంట్రుకంత పగులు చాలు, పైన చెప్పిన గాలి పట్టు పోవడానికి. గాజు ట్యాంక్‌కు ఆ బాధ లేదు. కానీ మంచులోంచి తెచ్చి వేడినీళ్లతో కడిగితే గాజు పగులుతుంది.

వీటిలో ఏం చేసినా కుదరని రకం ఒకటుంది.. మూసేసి అమ్మే డిస్పోజబుల్ వేప్‌లు. నింపలేరు, ఖాళీ చేయలేరు, వాషర్ మార్చలేరు. బ్రిటన్ వీటి అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. చెత్తలో చేరే బ్యాటరీలు, పిల్లలు అలవాటు పడటం దానికి చెప్పిన ముఖ్య కారణాలు.

విమానంలో అయితే ఎండకన్నా మూడు రెట్లు

హార్స్‌లీ హిల్స్ ఎక్కినప్పుడు చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చూశారా..? పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లే. విమానం క్యాబిన్‌లో ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల, అంటే 2,400 మీటర్ల పైచిలుకు ఎత్తున్న కొండ మీద ఉన్నంత దాకా తగ్గొచ్చు. అక్కడ ట్యాంక్‌లోని గాలి సుమారు 35 శాతం ఉబ్బుతుంది. సగం ఖాళీ ఉన్న అదే 4 మిల్లీలీటర్ల ట్యాంక్‌లోంచి 0.7 మిల్లీలీటర్లు, అంటే 14 చుక్కల దాకా బయటికి రావచ్చు. విమానం దిగాక బ్యాగ్ తెరిస్తే చొక్కాలు తడిసి కనిపించేది ఇందుకే. దీనికి చిట్కాలు లేవు. ట్యాంక్ ఖాళీ చేసి, తుడిచి, జిప్ ఉన్న కవర్‌లో పెట్టాలి.

పైగా చెక్-ఇన్ లగేజీలో వేప్ పెట్టకూడదు. 2015 నుంచి అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో నిబంధన ఇది. చేతి బ్యాగులోనే ఉంచాలి, విమానంలో ఛార్జింగ్ పెట్టకూడదు. కింద లగేజీలో బ్యాటరీ అంటుకుంటే ఆర్పేవాళ్లు ఉండరు కాబట్టి.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. మామూలు లిథియం అయాన్ సెల్స్‌ను 0 నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జ్ చేయాలని తయారీదారులు చెబుతారు. మైనస్‌లో ఉన్న చల్లటి పరికరాన్ని రాగానే ఛార్జింగ్ పెడితే సెల్ లోపల లోహపు పొర పేరుకుని పాడవుతుంది. ఇక ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం రెండో తప్పు. లీకేజీ అక్కడ చిన్న విషయం, పెద్దది బ్యాటరీ.

కారిన చుక్క చిన్నదే.. కానీ

ఇప్పుడు అసలు భయం. ఒంగోలు వైపు పొగాకు చేలల్లో తడి ఆకు కోసే కూలీలను అడగండి. మంచు తడి ఉన్న పొద్దున ఆకు కోస్తే తలతిరగడం, వాంతులు, నీరసం. బీడీ ముట్టకపోయినా వస్తుంది. దీనికి వైద్యంలో పేరే ఉంది, గ్రీన్ టొబాకో సిక్‌నెస్. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్లడమే కారణం. వేప్ లిక్విడ్‌లో ఉన్నది అదే నికోటిన్, తీసి చిక్కగా చేసి పెట్టినది.

బ్రిటన్‌లో మిల్లీలీటర్‌కు 20 మిల్లీగ్రాముల వరకే అనుమతి. అమెరికాలో 50 మిల్లీగ్రాములవీ మామూలుగా దొరుకుతాయి. అంటే 2 మిల్లీలీటర్ల చిన్న పాడ్‌లో 100 మిల్లీగ్రాముల నికోటిన్. పెద్దవాళ్ల చేతికి ఒక చుక్క అంటితే సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. ఏడాదిన్నర పసివాడి సంగతి అలా కాదు. తియ్యటి మామిడి వాసన, పుచ్చకాయ వాసన, రంగు రంగుల గొట్టం.. నోట్లో పెట్టుకోవడానికి వాళ్లకు అంతకన్నా ఏం కావాలి..? 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ ప్లెయిన్‌లో లిక్విడ్ నికోటిన్ మింగి ఒక పసిబిడ్డ చనిపోయింది. ఆ తర్వాత 2016 జనవరిలో, పిల్లలు తెరవలేని మూతలు తప్పనిసరి చేస్తూ అమెరికాలో చట్టం వచ్చింది. కానీ ఆ మూత సీసాకు మాత్రమే. కారుతున్న ట్యాంక్‌కు ఏ మూతా లేదు.

అందుకే జేబు తడిసిన ప్యాంటును అలాగే ఊడదీసి మంచం మీద పడేయకూడదు. దాన్ని తీసి ఉతికేది సాధారణంగా ఇంట్లో అమ్మో, భార్యో. వాళ్లకు అదేంటో కూడా తెలియదు. వేరుగా, చేతికి కవర్ వేసుకుని, నీళ్లు ఎక్కువగా పోసి ఉతకాలి. తుడిచిన టిష్యూలు కూడా పిల్లలకు అందని చోట పారేయాలి.

ఒకవేళ పిల్లలు నోట్లో పెట్టుకున్నారని అనుమానం వచ్చినా ఆగొద్దు. వాంతులు, చొల్లు ఎక్కువగా కారడం, చెమటలు, ముఖం పాలిపోవడం, వణుకు, మత్తు.. ఇవి లక్షణాలు. కొన్నిసార్లు నిమిషాల్లోనే మొదలవుతాయి. బలవంతంగా వాంతి చేయించకూడదు. నోరు తుడిచి, చర్మానికి అంటితే నీళ్లతో కడిగి, ఆ సీసానో పాడ్‌నో కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. మన దగ్గర 108కి ఫోన్ చేయాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు పాయిజన్ హెల్ప్ లైన్ 1-800-222-1222 రోజంతా పనిచేస్తుంది.

ఊరికొచ్చేటప్పుడు వేప్ తెస్తే ఏమవుతుంది..?

'నా వాడకానికే కదా, ఒక్కటే కదా' అనేది ఎక్కువగా వినిపించే మాట. ఆ ధీమా పనికిరాదు. 2019 సెప్టెంబరు 18న కేంద్ర కేబినెట్ ఈ-సిగరెట్ల నిషేధ ఆర్డినెన్స్‌కు ఓకే చెప్పింది, ఆ నిర్ణయాన్ని ప్రకటించింది ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన.. అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ చేయడానికి తెలిసీ చోటిచ్చినా ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ-హుక్కా, పొగాకును వేడి చేసే పరికరాలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి.

వేప్ తాగినందుకు విడిగా శిక్ష చెప్పే సెక్షన్ ఈ చట్టంలో లేదు. కానీ బయటి దేశం నుంచి బ్యాగులో పెట్టుకుని రావడం దిగుమతి కిందికే వస్తుంది కదా..! ఇక ఫ్రెండ్స్ కోసం నాలుగైదు తెచ్చి పంచితే అది పంపిణీ. పండక్కి వచ్చి తమ్ముడి ఫ్రెండ్స్‌కు గిఫ్ట్ ఇచ్చానని చెప్పినా చట్టం గిఫ్ట్ అని ఊరుకోదు. 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ ఫిర్యాదుల కోసం ఆన్‌లైన్ పోర్టల్ కూడా తెరిచింది.

దారిలో దిగే దేశాలనూ చూసుకోవాలి. యూఏఈ 2019లో అమ్మకాలకు అనుమతిచ్చింది. పక్కనే ఉన్న ఖతార్‌లో నిషేధం. థాయ్‌లాండ్‌లో నిషేధం. సింగపూర్‌లో అయితే దగ్గర పెట్టుకోవడమే నేరం. ఆస్ట్రేలియాలో మందుల షాపుల్లో తప్ప ఇంకెక్కడా అమ్మకూడదు. అమెరికాలో 21 ఏళ్లు నిండాలి. దుబాయ్‌లో కొన్నది దోహాలో దిగేసరికి తప్పవుతుంది, బెంగళూరులో దిగేసరికి నేరమవుతుంది.

అక్కడే వదిలేసి వస్తే సరి. అయితే డస్ట్‌బిన్‌లో వేయొద్దు, బ్యాటరీ ఉంది కాబట్టి. బ్రిటన్‌లో అమ్మిన షాపులే వెనక్కి తీసుకోవాలి. మిగతా చోట్ల ఈ-వేస్ట్ కలెక్షన్ సెంటర్లు ఉంటాయి.

ఇక్కడ దొంగచాటుగా దొరికేవాటి జోలికి అసలు వెళ్లొద్దు. వాటిలో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. 2019-20లో అమెరికాలో వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, లేదా చనిపోయారు. 2020 ఫిబ్రవరి నాటికి మృతుల లెక్క 68. ఎక్కువ కేసుల్లో కారణంగా తేలింది, దొంగచాటు గంజాయి లిక్విడ్‌లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే చిక్కటి నూనె.

సెలవు నెల రోజులు వేప్ లేకుండా ఎలా అనేది అలవాటైనవాళ్ల అసలు బెంగ. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. రెండో వారానికి చాలావరకు తగ్గుతాయి. నికోటిన్ చూయింగ్ గమ్‌లు మన మందుల షాపుల్లో దొరుకుతాయి, డాక్టర్‌ను అడిగి వాడొచ్చు. పొగాకు మానాలనుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-2356.